ఈక్వియానో ఆత్మకథ: బానిస వ్యాపారానికి లోపలి సాక్ష్యం

తెలుగు పాఠకులలో చాలామందికి అట్లాంటిక్ బానిస వ్యాపారం అనగానే 'ఏడు తరాలు' గుర్తుకు వస్తుంది. అలెక్స్ హేలీ 1976లో ప్రచురించిన 'రూట్స్'ను సహవాసి తెలుగులోకి తెచ్చారు. కుంటా కింటే పేరు వినని సాహిత్య విద్యార్థి మన దగ్గర అరుదు. ఆ పుస్తకం చేసిన మేలు పెద్దది. అయితే దాని ప్రభావం వల్ల మన ఊహలో రెండు అభిప్రాయాలు గట్టిగా నిలిచిపోయాయి. బానిస వ్యాపారమంటే ప్రధానంగా ఆఫ్రికా నుంచి అమెరికా సంయుక్త రాష్ట్రాలకు జరిగిన రవాణా అన్నది మొదటిది. ఆ వ్యవస్థలో బందీకీ దొరకూ మధ్య కొరడా తప్ప మరో సంబంధం లేదన్నది రెండవది.

మొదటి అభిప్రాయాన్ని సరిదిద్దడానికి కొన్ని అంకెలు చాలు. 16వ శతాబ్దం తొలి దశాబ్దాల నుంచి 1860ల వరకు ఆఫ్రికా తీరంలో ఓడ ఎక్కించిన వారు సుమారు 1 కోటి 25 లక్షల మంది. అవతలి తీరంలో ప్రాణాలతో దిగినవారు సుమారు 1 కోటి 7 లక్షలు. ఈ రెండు అంకెల మధ్య తేడా సముద్రంలో చనిపోయినవారిది. దిగినవారిలో ఉత్తర అమెరికా ప్రధాన భూభాగానికి నేరుగా చేరినవారు 4 లక్షలకు లోపే. ఒక్క బ్రెజిల్‌కే 50 లక్షలకు దగ్గరగా చేరారు. మిగిలిన వారిలో అత్యధికులు కరీబియన్ దీవుల చెరకు తోటలకు పోయారు. అంటే ఈ వ్యాపారానికి కేంద్రం పత్తి చేను కాదు, చక్కెర.

రెండవ అభిప్రాయం అంకెలతో పోయేది కాదు. దానికి ఒక పుస్తకం చదవాలి. ఒలౌడా ఈక్వియానో 1789లో లండన్‌లో స్వయంగా ప్రచురించుకున్న ఆత్మకథను ఈ పాఠానికి తీసుకోవడానికి కారణం అదే. బానిసగా అమ్ముడుపోయినవాడు, సొంతంగా వ్యాపారం చేసినవాడు, తన విముక్తిని తానే కొనుక్కున్నవాడు, ఇతరులను బానిసలుగా కొనడంలో పాలుపంచుకున్నవాడు, చివరకు ఆ వ్యాపార నిర్మూలనకు పోరాడినవాడు ఒకే మనిషి. ఇందులో ఏ ఒక్క పాత్రను తీసివేసినా పుస్తకం చదవడం తేలికవుతుంది, కాని వ్యవస్థ అర్థం కాదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

జీవిత రేఖలు

ఆయన చెప్పిన ప్రకారం 1745 ప్రాంతంలో నేటి నైజీరియాలోని ఇబో ప్రాంతంలో పుట్టారు. పదకొండో ఏట చెల్లెలితో సహా ఇంట్లో నుంచి అపహరించారు. కొన్ని నెలల పాటు చేతులు మారుతూ తీరానికి చేరి, ఓడలో బార్బడోస్‌కు, అక్కడి నుంచి వర్జీనియాకు వెళ్లారు. అక్కడ ఆయన్ను కొన్న బ్రిటిష్ నౌకాదళ లెఫ్టినెంట్ మైకేల్ హెన్రీ పాస్కల్ స్వీడన్ రాజు పేరు మీదుగా గుస్తావస్ వాసా అని పేరు పెట్టాడు. పేరు ఒప్పుకోనందుకు దెబ్బలు తిని, చివరకు ఒప్పుకున్నారు. జీవితాంతం అధికారిక పత్రాలలో ఆయన వాడిన పేరు అదే. ఇంగ్లండ్-ఫ్రాన్స్‌ల మధ్య జరిగిన ఏడేళ్ల యుద్ధంలో యజమానితో పాటు యుద్ధనౌకలలో పనిచేశారు, చదువుకున్నారు, 1759లో వెస్ట్‌మినిస్టర్‌లో బాప్తిస్మం పొందారు. యుద్ధం ముగింపుకు రాగానే విడుదల చేస్తారని ఆశపడ్డారు. పాస్కల్ మాత్రం 1762 చివర ఆయన్ను మరొక ఓడ కెప్టెన్‌కు అమ్మేశాడు. ఆ కెప్టెన్ ద్వారా మాంట్సెరాట్ దీవిలో రాబర్ట్ కింగ్ అనే క్వేకర్ వర్తకుడి చేతికి వచ్చారు. 1766 జూలైలో డబ్బు కట్టి స్వేచ్ఛ పొందారు. ఆ తరువాతి ముప్పై ఏళ్లలో నావికుడిగా ఆర్కిటిక్ దాకా తిరిగారు. 1797లో మరణించారు.

పుస్తకం పన్నెండు అధ్యాయాలు. ఆయన జీవితకాలంలోనే తొమ్మిది ముద్రణలు పొందింది. తరువాత చాలాకాలం మరుగున పడి, 1967లో పాల్ ఎడ్వర్డ్స్ సంక్షిప్త ప్రతితో మళ్లీ సాధారణ పాఠకుల ముందుకు వచ్చింది.

పుట్టిన ఊరి వివాదం

ఈ పుస్తకం గురించి ఎక్కడ చదివినా మీకు ముందుగా ఎదురయ్యేది ఒక ప్రశ్న: ఈక్వియానో నిజంగా ఆఫ్రికాలో పుట్టారా? ఈ ప్రశ్న కొత్తది కాదు. 1792లోనే లండన్ పత్రికలు ఆయన ఆఫ్రికన్ కాదనీ, వెస్టిండీస్‌లోని డేనిష్ దీవి సాంతాక్రూజ్‌లో పుట్టాడనీ రాశాయి. అప్పుడు పార్లమెంటులో బానిస వ్యాపారంపై చర్చ జరుగుతోంది. సాక్షిని అబద్ధాలకోరుగా చూపిస్తే సాక్ష్యం దానంతట అదే పడిపోతుందని ఆ రాతల వెనుక లెక్క. తరువాతి ముద్రణల ముందుమాటలో ఈక్వియానో ఆ ఆరోపణకు జవాబిచ్చి, ఇంగ్లండ్‌కు వచ్చిన కొత్తలో తనకు ఆఫ్రికా భాష తప్ప మరొకటి రాని సంగతి ఎరిగినవారిని సాక్షులుగా పేర్కొన్నారు.

రెండు వందల ఏళ్ల తరువాత ప్రశ్న మళ్లీ లేచింది. ఈసారి లేవనెత్తినది శత్రువు కాదు, ఆయన రచనలను శ్రద్ధగా పరిష్కరించిన పండితుడు విన్సెంట్ కరెట్టా. 1759 నాటి బాప్తిస్మ రిజిస్టరులో, 1773 నాటి ఆర్కిటిక్ యాత్ర ఓడ సిబ్బంది పట్టీలో ఈక్వియానో జన్మస్థలం కరోలినా అని ఉన్నట్లు ఆయన చూపించారు. దీనికి ప్రతిగా పాల్ లవ్‌జాయ్ వంటి చరిత్రకారులు, పుస్తకంలోని ఇబో సమాజ వివరాలు బయటివాడు కల్పించగలిగినవి కావని వాదించారు. నైజీరియా రచయిత్రి కేథరిన్ అచోలొను అంతకుముందే ఆయన చెప్పిన ఊరిని నేటి ఇస్సెకేగా గుర్తించే ప్రయత్నం చేశారు.

మనం దీన్ని ఎలా తూచాలి? రెండు పత్రాలకూ ఒకే బరువు లేదు. బాప్తిస్మం నాటికి ఆయన పద్నాలుగేళ్ల బానిస బాలుడు. రిజిస్టరులో రాసిన మాట ఆ పిల్లవాడు చెప్పినదా, పక్కన నిలబడిన యజమాని బంధువులు చెప్పినదా అన్నది ఆ కాగితం చెప్పదు. 1773 నాటికి మాత్రం ఆయన స్వతంత్రుడు, పెద్దవాడు. ఆ పట్టీలోని నమోదును ఊరికే తోసిపుచ్చడం నిజాయితీ అనిపించుకోదు. అభిమానం కొద్దీ కొందరు తోసిపుచ్చారు కూడా. నా అభిప్రాయంలో ఈ వివాదం ఇంకా తెగలేదు. తెగినట్లు పరీక్షలో రాయవద్దు.

అయితే తెగినా తెగకున్నా దానిపై ఆధారపడేది ఎంత? మొదటి రెండు అధ్యాయాలు. అందులో మొదటిది ఇబో సమాజ వర్ణన. ఆ వర్ణన కేవలం జ్ఞాపకం నుంచి వచ్చినది కాదన్నది పుస్తకమే దాచలేదు. క్వేకర్ రచయిత ఆంథొనీ బెనెజెట్ ఆఫ్రికాపై రాసిన పుస్తకాన్ని ఈక్వియానో తానే ప్రస్తావించారు. రెండవది అపహరణ, తీరం వరకు ప్రయాణం, ఓడ. తెల్లవాళ్లు తనను తినేస్తారేమోనని ఆ పిల్లవాడు భయపడటం, ఓడ అడుగు అరలోని దుర్గంధం, తిండి ముట్టనందుకు కట్టేసి కొట్టడం, తీరంలో అమ్మకం వేళ అన్నదమ్ములను విడదీయడం ఇందులోనే ఉన్నాయి. పాఠ్యపుస్తకాలు ఎత్తి రాసేది ఈ అధ్యాయాన్నే. ఒకవేళ కరెట్టా మాటే నిజమైతే, ఇది తనతో పాటు బానిసత్వంలో ఉన్న ఎందరో చెప్పినవి విని ఒకరి నోట పలికించిన కథ అవుతుంది. అప్పుడు దాని సాహిత్య స్వభావం మారుతుంది. అందులో వర్ణించిన ఓడలు మాత్రం నిజంగా నడిచినవే. ఓడ వైద్యుల వాంగ్మూలాలు, పార్లమెంటు విచారణ నివేదికలు ఆ వివరాలన్నిటినీ విడిగా ధ్రువపరుస్తున్నాయి.

కౌన్సెలింగ్ తరగతుల్లో విద్యార్థులు నన్ను ఎక్కువసార్లు అడిగింది ఈ ప్రశ్నే: "సార్, ఇది జరిగిందా, కల్పించిందా?" హేలీ వంశవృక్షం మీదా ఇలాంటి అభ్యంతరాలు వచ్చాయని తెలిసిన వారైతే ఇంకా పట్టుగా అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కాని పది అధ్యాయాలను వదిలి రెండింటి దగ్గర ఆగిపోవడం వల్ల, ఎవరూ కాదనలేని సాక్ష్యం చదవకుండా పోతోంది. అది మూడవ అధ్యాయం తరువాత ఉంది.

మూడు పెన్నీల నుంచి నలభై పౌండ్ల దాకా

మాంట్సెరాట్‌లో రాబర్ట్ కింగ్ దగ్గర ఈక్వియానో చేసిన పని చూడండి. లెక్కలు రాయడం, సరుకు తూకం వేయడం, ఓడలకు ఎత్తించడం, దీవుల మధ్య తిరిగే ఓడలో నావికుడిగా వెళ్లడం. ఆ సరుకులలో ఆఫ్రికా నుంచి కొత్తగా దిగిన మనుషులు కూడా ఉన్నారు. వారిని అమ్మకానికి తీసుకువెళ్లే ఓడలలో తాను పనిచేసిన సంగతి ఆయన దాచలేదు. ఆ ఓడలలో తోటి సిబ్బంది ఆడవారిపై చేసిన అత్యాచారాలు చూస్తూ, ఏమీ చేయలేక ఊరుకోవలసి వచ్చిందని రాశారు.

ఇదే సమయంలో ఆయన తన సొంత వ్యాపారం మొదలుపెట్టారు. పెట్టుబడి మూడు పెన్నీలు. డచ్చివారి సెయింట్ యుస్టేషియస్ దీవిలో ఒక గాజు గ్లాసు కొని మాంట్సెరాట్‌లో ఆరు పెన్నీలకు అమ్మారు. మరుసటి ప్రయాణంలో రెండు గ్లాసులు. అలా జిన్ సీసా, పండ్లు, కోళ్లు. మధ్యలో తెల్లవాళ్లు సరుకు లాక్కుని డబ్బు ఇవ్వని సందర్భాలు అనేకం. ఫిర్యాదు చేసే దారి లేదు. ఆ దీవుల న్యాయస్థానాలలో తెల్లవాడికి వ్యతిరేకంగా నల్లవాడి సాక్ష్యం చెల్లదు.

ఈ అధ్యాయాలు మొదటిసారి చదివినప్పుడు కొంత విసుగు కలగవచ్చు. ఏ దీవిలో ఏది కొన్నాడు, ఎంతకు అమ్మాడు, ఎంత మిగిలింది అన్నవే పేజీల కొద్దీ వస్తాయి. విమర్శకులలో కొందరు వీటిని కష్టపడి పైకొచ్చిన వర్తకుడి కథగా చదివారు. ఆ చదువు తప్పు కాదు కాని సరిపోదు. ఈ లెక్కలు రాస్తున్నవాడు స్వయంగా మరొకరి లెక్కల పుస్తకంలో ఒక పద్దు. తన ధర ఎంతో అతనికి తెలుసు. కొన్నప్పుడు ఇచ్చిన నలభై పౌండ్లు తెచ్చి ఇస్తే విడుదల చేస్తానని కింగ్ మాట ఇచ్చాడు. కాబట్టి ప్రతి గాజు గ్లాసు మీద వచ్చిన లాభం ఆ నలభై పౌండ్లలో ఒక భాగం. వ్యాపారం ఇక్కడ ధనవంతుడు కావడానికి చేసేది కాదు, వ్యాపార సరుకు కాకుండా పోవడానికి చేసేది.

డబ్బు తెచ్చి ముందు పెట్టినప్పుడు కింగ్ వెనక్కి తగ్గాడు. ఇంత త్వరగా కూడబెడతాడని తెలిస్తే మాట ఇచ్చేవాడిని కానన్నట్లు మాట్లాడాడు. అప్పుడు పక్కనున్న ఓడ కెప్టెన్ ఈక్వియానో తరఫున అడ్డుపడ్డాడు. ఆయన చేసిన వాదన ఏమిటో గమనించండి. ఇచ్చిన మాట తప్పరాదనో, మనిషిని మనిషి అమ్మరాదనో కాదు. ఇతను నీకు ఏడాదికి వంద పౌండ్లకు పైగా సంపాదించి పెట్టాడు, నీ పెట్టుబడికి మంచి వడ్డీయే వచ్చింది, ఇక వదిలిపెట్టు అన్నది ఆయన మాటల సారాంశం. కింగ్ మంచి యజమాని అని ఈక్వియానో పలుమార్లు రాశారు. ఆ మంచితనం కూడా ఏ పరిధిలో పనిచేసిందో ఈ ఒక్క సంభాషణ బయటపెడుతుంది. రచయిత దీనిపై వ్యాఖ్యానం చేయలేదు. చేయకపోవడమే సరి అయింది.

ఆ వెంటనే పుస్తకంలో విముక్తి పత్రం పూర్తి పాఠం వస్తుంది. దస్తావేజు భాషలో, స్థానిక నాణెం ప్రకారం డెబ్బై పౌండ్లు ముట్టినట్లు, ఇతనిపై ఉన్న హక్కులన్నీ వదులుకున్నట్లు రాసిన కాగితం. పుస్తకం మధ్యలో ఇంత పొడి పత్రం ఎందుకు? ఒక కారణం సాక్ష్యాధారం. రెండవ కారణం ఇంకా లోతైనది. ఒక మనిషిపై మరొకడికి సంపూర్ణ హక్కు ఉండేదన్న సంగతిని ఆ హక్కు వదులుకునే కాగితమే ఒప్పుకుంటోంది. ఆ భాషలోని వింత పాఠకుడికి తానే తట్టాలని రచయిత దాన్ని యథాతథంగా ముద్రించారు. పైగా ఆ కాగితం జేబులో ఉన్నా భద్రత లేదు. స్వేచ్ఛ పొందిన నల్లవారిని పట్టుకుని మళ్లీ అమ్మేసిన సంఘటనలు ఆయన ఈ అధ్యాయాలలోనే నమోదు చేశారు.

దాటవేయకూడని అధ్యాయం

ఇప్పుడు పదకొండవ అధ్యాయానికి వద్దాం. సంక్షిప్త పరిచయాలు రాసేవారు సాధారణంగా దీన్ని ఒక వాక్యంలో ముగిస్తారు, లేదా ఎత్తరు. 1775-76లో డాక్టర్ చార్లెస్ ఇర్వింగ్ నేటి నికరాగువా-హోండురస్ ప్రాంతంలోని మస్కిటో తీరంలో తోట పెట్టడానికి బయలుదేరాడు. సముద్రపు నీటి నుంచి మంచినీరు తీసే పద్ధతితో పేరు పొందినవాడు ఈ ఇర్వింగే. స్వేచ్ఛ పొంది అప్పటికి తొమ్మిదేళ్లయిన ఈక్వియానో ఆయన వెంట వెళ్లారు. జమైకాలో ఆగిన బానిస ఓడ ఎక్కి, తోట పనికి మనుషులను ఎంపిక చేశారు. వారంతా తన దేశస్థులేనని రాశారు. తోటలో వారిపై పర్యవేక్షణ చేశారు. కొంతకాలానికి అక్కడ ఇమడలేక వచ్చేశారు. ఆయన తరువాత వచ్చిన పర్యవేక్షకుడి క్రూరత్వం భరించలేక ఆ బానిసలు పడవలో పారిపోవడానికి ప్రయత్నించి అందరూ మునిగి చనిపోయారని తరువాత ఆయనకు తెలిసింది.

ఈ భాగంలో పశ్చాత్తాపం లేదు. తాను వారిని దయగా చూశానన్న తృప్తి ఉంది. అంతే. బానిస వ్యాపారాన్ని మొదట దుయ్యబట్టినవాడు ఇది ఎలా చేశాడని మీకు కోపం రావచ్చు. రావడం సహజం. కాని రెండు తేలిక మార్గాలను నేను సిఫారసు చేయను. ఆ కాలంలో అందరూ అంతే అని సర్దిచెప్పడం మొదటిది. ఆ కాలంలో అందరూ అంతే కాదు. పెన్సిల్వేనియా క్వేకర్లు అప్పటికే బానిసలను ఉంచుకోవడం తప్పని తమ సభ్యులతో ఒప్పించే పని మొదలుపెట్టారు. ఈక్వియానోను కపటిగా కొట్టిపారేయడం రెండవది.

నా దృష్టిలో ఈ అధ్యాయం చెప్పేది ఇది. 1770లలో అట్లాంటిక్ ప్రపంచంలో పని అంటే, జీతం అంటే, పైకి రావడం అంటే, ఎక్కడో ఒకచోట బానిసత్వాన్ని తాకకుండా సాధ్యపడేది కాదు. స్వేచ్ఛ పొందినవాడికి కూడా తెలిసిన వృత్తి ఓడ, తెలిసిన సరుకు దీవుల సరుకు, ఉద్యోగం ఇచ్చేవాడు తోట యజమాని. బానిసను దయగా చూడటం సాధ్యమేనని ఆయన అప్పటికి నమ్మారు. ఆ దయ ఎంతసేపు నిలిచిందో ఆయనే రాశారు: తాను ఓడ ఎక్కేవరకు. తరువాతి పర్యవేక్షకుడు రాగానే ఆ మనుషులకు మిగిలింది సముద్రం. మంచి యజమాని అన్న భావన ఎందుకు పనికిరాదో పుస్తకంలో ఇంతకంటే బలంగా చెప్పే చోటు లేదు. అది రచయిత ఉద్దేశపూర్వకంగా చెప్పాడా అంటే, నాకు అలా అనిపించదు. చెప్పకుండా దాచలేదు, అది చాలు.

బీమా దావా నుంచి ఉద్యమం దాకా

ఈక్వియానో ఉద్యమంలోకి వచ్చిన దారి కూడా లెక్కల దారే. 1781లో లివర్‌పూల్ వర్తకులకు చెందిన జాంగ్ అనే ఓడ ఆఫ్రికా నుంచి 442 మందిని ఎక్కించుకుని జమైకాకు బయలుదేరింది. ఆ ఓడ పరిమాణానికి అది చాలా ఎక్కువ. దారి తప్పి, జబ్బులు ముదిరిన తరువాత, నీళ్లు చాలవన్న కారణం చూపి సుమారు 130 మందిని సముద్రంలోకి తోసేశారు. ఓడ జమైకా చేరేసరికి ఇంకా 420 గ్యాలన్ల నీరు ఉన్నట్లు తరువాత తేలింది. రోగంతో చనిపోతే నష్టం యజమానిది, ఓడ క్షేమం కోసం సరుకును పారవేస్తే నష్టం బీమా వారిది అన్నది నాటి పద్ధతి. యజమానులు తలకు 30 పౌండ్ల చొప్పున బీమా సొమ్ము కోరారు. 1783లో మొదటి జ్యూరీ యజమానుల పక్షాన తీర్పు చెప్పింది. ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఈ కేసును గుర్రాలను సముద్రంలోకి తోసిన కేసుతో పోల్చారు. వింటే మనసుకు ఎంత కష్టంగా ఉన్నా చట్టం దృష్టిలో విషయం అదేనన్నారు. బీమా వారి విజ్ఞప్తిపై మళ్లీ విచారణకు మాత్రం అనుమతించారు.

ఈ వార్త పట్టుకుని 1783 మార్చిలో గ్రాన్విల్ షార్ప్ ఇంటికి వెళ్లి చెప్పినవాడు ఈక్వియానో. షార్ప్ దీన్ని హత్య కేసుగా నడిపించాలని ప్రయత్నించి విఫలమయ్యారు. హంతకులెవరూ శిక్ష అనుభవించలేదు. కాని బీమా తగాదాగా మిగిలిపోవలసిన విషయం బహిరంగ చర్చగా మారింది. 1787 మేలో లండన్‌లో బానిస వ్యాపార నిర్మూలన సంఘం ఏర్పడింది. దాని పన్నెండు మంది వ్యవస్థాపకులలో తొమ్మిది మంది క్వేకర్లు. థామస్ క్లార్క్‌సన్ రేవు పట్టణాలు తిరిగి సాక్ష్యాలు సేకరించారు. బ్రూక్స్ అనే ఓడలో 1788 చట్టం అనుమతించిన ప్రకారం 454 మందిని పేర్చితే ఎలా ఉంటుందో చూపే పటం ముద్రించి పంచారు. ఆ చట్టానికి ముందు అదే ఓడ 600కు పైగా మందిని మోసింది. 1792లో పార్లమెంటుకు 519 అర్జీలు చేరాయి. వాటిపై సంతకాలు చేసినవారిలో చాలామందికి ఓటు హక్కు లేదు.

ఈక్వియానో పుస్తకం ఈ అర్జీలలో ఒకటి అనుకోవచ్చు. అది పార్లమెంటు సభ్యులను ఉద్దేశించిన విన్నపంతోనే మొదలవుతుంది. ముందుగా చందాలు కట్టించుకుని ముద్రించారు. మొదటి ముద్రణ చందాదారుల జాబితాలో యువరాజు పేరు కూడా ఉంది. హక్కులు ప్రచురణకర్తకు అమ్మకుండా తన దగ్గరే ఉంచుకున్నారు. ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్ పట్టణాలలో తిరిగి స్వయంగా అమ్మారు. తనను తాను ఒకసారి కొనుక్కున్నవాడు తన కథను ఇతరులకు అమ్మనివ్వలేదు.

వాదన బలం, దాని హద్దు

చివరి అధ్యాయంలో ఆయన చేసిన వాదన ధర్మం గురించి మాత్రమే కాదు. ఆఫ్రికన్లను ఎత్తుకుపోవడం మానితే వారు బ్రిటిష్ సరుకులకు కోట్లాది కొనుగోలుదారులవుతారని, మిల్లులకు అంతులేని మార్కెట్ దొరుకుతుందని ఆయన లెక్కగట్టారు. ఈ వాదన నేటి పాఠకుడికి ఇబ్బంది కలిగిస్తుంది. తరువాతి శతాబ్దంలో ఆఫ్రికాను వలసగా మార్చినవారు ఇంచుమించు ఇదే మాట అన్నారు. అయినా 1789 నాటి పార్లమెంటును కదిలించాలంటే ఏ భాష పనిచేస్తుందో ఆయనకు అనుభవంతో తెలుసు. తన విడుదలకు కెప్టెన్ వాడిన భాష అదే.

నిర్మూలన ఎందుకు జరిగిందన్న చరిత్రకారుల తగాదాకు కూడా ఈ అధ్యాయం ఒక తలుపు. ట్రినిడాడ్ చరిత్రకారుడు, తరువాత ఆ దేశ ప్రధాని అయిన ఎరిక్ విలియమ్స్ 1944లో, వెస్టిండీస్ తోటలు లాభసాటిగా లేకుండా పోయినందువల్లనే బ్రిటన్ నీతి గుర్తు తెచ్చుకుందని వాదించారు. 1977లో సీమోర్ డ్రెషర్ అంకెలతో దీన్ని ఎదుర్కొన్నారు: 1807లో చట్టం వచ్చేనాటికి బానిస వ్యాపారం లాభాలలోనే ఉంది, బ్రిటన్ నష్టపడి మానుకుంది అన్నారు. తోటల క్షీణత గురించి డ్రెషర్ వైపే ఆధారాలు బలంగా ఉన్నాయని నా అంచనా. కాని విలియమ్స్ అడిగిన ప్రశ్న, అంటే ఎవరి ప్రయోజనాలు ఈ నీతిని మోశాయన్నది, అలాగే నిలిచి ఉంది. ఇక ఈ ఇద్దరి తగాదాలో వెనుకబడే మూడవ పక్షం బానిసలే. 1791 ఆగస్టులో సెయింట్ డొమింగ్‌లో తిరుగుబాటు చేసి, 1804లో హైతీ అనే స్వతంత్ర దేశాన్ని స్థాపించినవారు ఏ పార్లమెంటు కోసమూ ఆగలేదు. సి.ఎల్.ఆర్. జేమ్స్ 1938లోనే వారి చరిత్ర రాశారు. ఈక్వియానో పుస్తకం ఆ తిరుగుబాటుకు రెండేళ్ల ముందుది. దాన్ని చదివేటప్పుడు ఈ కాలక్రమం మరువకండి.

ఆ వ్యాపారంలో మన తీరానికి ఉన్న చోటు చిన్నదే కాని నిజమైనది. ఆఫ్రికా రేవులలో బందీలకు బదులుగా ఇచ్చిన సరుకులలో తుపాకులు, ఇనుము, సారా, గవ్వలతో పాటు భారతీయ నూలుబట్టకు పెద్ద గిరాకీ ఉండేది. కోరమండల్ తీరంలో నేసిన బట్టలో ఒక రకానికి యూరప్ వర్తకులు పెట్టిన పేరే గినీ బట్ట. నేసినవారికి అది ఎక్కడికి పోతోందో తెలిసే వీలు లేదు.

రెండవ సంబంధం నిర్మూలన తరువాతిది. 1833 చట్టం 1834 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చింది. విడుదలైన సుమారు 8 లక్షల మందికి పైసా ఇవ్వలేదు. పైగా అప్రెంటిస్‌లన్న పేరుతో 1838 దాకా పాత యజమానుల దగ్గరే పని చేయించారు. యజమానులకు మాత్రం 2 కోట్ల పౌండ్ల పరిహారం చెల్లించారు. అందుకోసం చేసిన అప్పు చివరి భాగం తీరింది 2015లో. చెరకు తోటలకు కూలీల కొరత వచ్చి 1834 నుంచే మారిషస్‌కు భారతీయులను ఒప్పంద కూలీలుగా తరలించారు. వారిలో గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కిన తెలుగువారిని అక్కడ కోరంగీలు అని పిలిచారు. ఒప్పంద కూలీని బానిసతో సమానం చేయడం సరికాదు. అతనికి గడువు ఉంది, జీతం ఉంది, పిల్లలు అమ్ముడుపోరు. కాని తోట అదే, యజమాని అతడే.

పుస్తకం ఆంగ్లంలో సులభంగానే దొరుకుతుంది. చదివేటప్పుడు ఒక క్రమం సూచిస్తాను. మొదటి అధ్యాయంతో మొదలుపెట్టవద్దు. ముందు ఐదు, ఆరు, ఏడు అధ్యాయాలు, తరువాత పదకొండు, పన్నెండు చదవండి. మొదటి రెండింటికి చివరగా వెళ్లండి. చదువుతూ ప్రతి చోటా డబ్బు మొత్తం కనిపించినప్పుడల్లా పక్కన గుర్తు పెట్టుకోండి: ఎవరు ఎవరికి, దేనికి ఇచ్చారు. ఆ గుర్తులున్న ప్రతిని కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి. జన్మస్థలం చర్చను ఆ తరువాత మొదలుపెడదాం.